మందు కంపు కొట్టే చపాతీలు

మా అత్త ముక్కు సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. పాలు విరిగిపోతాయని పొయ్యి మీద పెట్టకముందే చెప్పేది. పక్కింటివాళ్ళు చేపలు తెచ్చుకుంటే అవి ఇవాళ్టివో నిన్నటివో గోడకి ఇవతల నుంచే చెప్పేది. అడగని వాళ్ళకి కూడా చెప్పేది, అదీ బాధ. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో నా తలనూనె కంపు కొడుతోందని పదిమందిలో అంది. ఆ నూనె మా అమ్మ స్వయంగా కాచి సీసాలో పోసి ఇచ్చింది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నాకు కోపం తొందరగా వస్తుంది, తీరిగ్గా పోతుంది.

మాది చోడవరం. మా ఆయన ఇక్కడికీ అనకాపల్లికీ మధ్య ఆటో తిప్పుతాడు. నేను మెయిన్ రోడ్డు మీద ఒక బట్టల కొట్లో బిల్లు కౌంటర్లో పనిచేస్తాను. మాకు పిల్లల్లేరు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. ఇంట్లో మేమిద్దరం, అత్త, మావయ్య. నలుగురం ఉండేవాళ్ళం.

మావయ్య బెల్లం వండేవాడు. రావికమతం వైపు పల్లెల్లో ఆయన వయసులో ఉన్నప్పుడు ఎవరి చెరకు గానుగ ఆడినా ఆయన్నే పిలిచేవారట. పెద్ద పెనంలో చెరకు రసం మరిగి పాకానికి వచ్చాక ఎప్పుడు దించాలో వాసన పట్టి చెప్పేవాడు. కాస్త ముందు దించితే దిమ్మ గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడు వాసన పట్టుకుంటుంది. మోకాళ్ళు అరిగిపోయి పెనం దగ్గర నిలబడలేక ఆ పని మానేసి ఊళ్ళోకి వచ్చేశాడు. వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. పెళ్ళికనో వ్రతానికనో బెల్లం కొనేవాళ్ళు ఒక ముక్క పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టేవారు. ఆయన దాన్ని విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అప్పుడు మాట చెప్పేవాడు.

అంత బెల్లం వండినవాడికి షుగరు వచ్చింది. వీధిలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నాడు డాక్టరు. చపాతీలు చెయ్యాలంటే పిండి పిసకాలి కదా. అత్త వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. నేను కొట్లోంచి బయటపడేసరికి ఎనిమిదవుతుంది. చీరలు మడతపెట్టి మడతపెట్టి వచ్చిన చేతులతో మళ్ళీ పిండి కలపమంటే నా వల్ల కాదని మొదటి రోజే చెప్పేశాను. అందుకని మా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్లో చపాతీ ప్యాకెట్టు కొనడం అలవాటైంది. సగం కాల్చి, పల్చటి కవర్లో పెట్టి, కొట్టువాడి ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్ల పక్కన ఉండేవి. పెనం మీద అటూ ఇటూ తిప్పితే చాలు, పొంగుతాయి.

నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే అత్త చెయ్యి చాచేది. ప్యాకెట్టు మీద తారీకు ఆవిడకి అక్కర్లేదు, చదవడం రాదు, వచ్చినా నమ్మేది కాదు. కవరు మూల పంటితో చింపి, ముక్కు అందులో పెట్టి, గట్టిగా ఒకసారి పీల్చేది. తర్వాత నా వైపు చూసేది కాదు. వసారాలో నవారు మంచం మీద కూర్చున్న మావయ్య వైపు తిరిగి, వీధి చివరికి వినిపించేంత గట్టిగా చెప్పేది.

"మందు కంపు కొడతంది."

మందంటే తాగేది కాదు. పాడవకుండా ఆ చపాతీల్లో ఏదో కలుపుతారు కదా, అది. కవరు విప్పగానే ముక్కుకి కాస్త ఘాటుగా, పుల్లగా తగులుతుంది. మావయ్య మంచం మీద నుంచే తల ఊపి, "అవును, మందు కంపే" అనేవాడు. అక్కడికి తీర్పు అయిపోయినట్టు. ఆ కంపు పెనం మీద వేడి తగలగానే పోతుంది, దానితో భయం లేదని అత్తకీ తెలుసు. ఒక్కోరోజు కవరు కంపు అనేది, అంటే ప్లాస్టిక్ వాసన, అదీ పోతుంది. తడిబట్ట కంపు అన్నదంటే మాత్రం ఇక మాట్లాడటానికి లేదు. వానాకాలంలో ఆరని బట్ట మూలన పడేస్తే వస్తుందే, ఆ వాసన. అది వేడి చేసిన కొద్దీ ఎక్కువవుతుంది. ఆ ప్యాకెట్టు తిరిగి కొట్టుకి పోవాల్సిందే, తీసుకెళ్ళాల్సింది నేనే.

రోజూ ఇదే తంతు. మందు కంపు అంటూనే అవే కాల్చి పెట్టేది. మరి తినేదానికి ఆ అరుపు దేనికి? ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన దాన్ని, గుమ్మంలోనే ఇలా పలకరిస్తే నాకు ఒళ్ళు మండేది. మొగుడూ పెళ్ళాం నా మీద జట్టు కట్టారనుకునేదాన్ని. ఆవిడ ఒక మాట అనడం, ఆయన దానికి తాళం వెయ్యడం. అత్తలేని కోడలుత్తమురాలని ఊరికే అనలేదు పెద్దలు. ఎవరైనా బెల్లం ముక్క పట్టుకొచ్చినా అంతే. ఆయన చేతిలో పెట్టకముందే ఈవిడ మధ్యలో దూరి, లాక్కుని వాసన చూసి, "ముదర పాకం, మాడింది" అని అరిచేది. ఆయన కళ్ళు మూసుకుని అదే మాట మళ్ళీ చెప్పేవాడు. మనిషి పేరు కూడా ఆయనకి మిగలనివ్వదని మా ఆయనతో ఎన్నోసార్లు అన్నాను. మా ఆయన ఆటో తుడుచుకుంటూ వినేవాడు.

మావయ్య ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. బాధపడలేదు, ఎవరినీ పిలవలేదు. నాకు కొట్లో ఉండగా ఫోనొచ్చింది. కౌంటర్ ముందు నిలబడ్డావిడకి బిల్లు పూర్తిచేసి, కవర్లో చీర పెట్టి ఇచ్చి, అప్పుడు బయల్దేరాను. ఏడుపు రాలేదు. అత్త మొదటి రోజు ఏడ్చింది, ఆ తర్వాత ఆవిడకీ రాలేదు. చుట్టాలు అన్నాలు తెచ్చారు, కూరలు తెచ్చారు, ఎవరు తెచ్చింది ఎవరు తిన్నారో నాకు గుర్తులేదు. పెద్దదినం అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు. మావయ్య చెల్లెలు ఒకావిడ చీడికాడ నుంచి వచ్చింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచి, మీ అత్త వాలకం చూస్తే ఎక్కువ కాలం ఉండేలా లేదు, ఆయన వెనకాలే పోతుంది, తిండి జాగ్రత్తగా చూసుకో అని చెప్పింది.

నేను చూస్తూనే ఉన్నాను. అత్త అన్నం మానలేదు. మానితే పోట్లాడొచ్చు, బతిమాలొచ్చు. ఏది పెడితే అది తినేది, అదీ భయం. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన పప్పు తిన్నది. రెండు రోజుల పచ్చడి తిన్నది. పొయ్యి మీద పాలు పొంగి మాడి, ఇల్లంతా పొగ కమ్మినా అక్కడే పీట మీద కూర్చుని ఉంది. గిన్నె తోముతూ, వాసన రాలేదా అత్తా అని అడిగాను. ఊఁ అంది. వచ్చిందనో రాలేదనో తెలియలేదు. ఇరవయ్యేళ్ళు ఆవిడ నోరు మూయించాలని చూసినదాన్ని, ఇప్పుడు ఆవిడ ఒక్క మాట వంక పెడితే చాలుననిపించేది. వంక పెట్టకపోతే ఈ మనిషి మాకు మిగలదని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. కానీ ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దున్నే లేవడం, కొట్టుకెళ్ళడం, బిల్లులు కొట్టడం, రావడం. ఆ రోజులన్నీ ఒకటే రోజులా ఉండేవి.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. చపాతీ ప్యాకెట్టు కొనడం మానలేదు. కావాలని కాదు. వీధి మొదట్లో నేను కనబడగానే కొట్టువాడు ఫ్రిజ్ తీసి ప్యాకెట్టు బల్ల మీద పెట్టేవాడు, ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఇవి తినే మనిషి పోయాడు, ఇక వద్దు అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నోరు కదిలేది కాదు. తీసుకుని ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. రోజూ కాకపోయినా, వారంలో మూడు నాలుగు. మేం ముగ్గురం రాత్రిళ్ళు అన్నమే తినేవాళ్ళం. ఫ్రిజ్ కింది అరలో ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి చేరాయి. మా ఆయన నీళ్ళ సీసా కోసం తలుపు తీసేవాడు, చూసేవాడు, మూసేసేవాడు. అత్త కూడా చూసింది. ఇవేంటని ఒక్కరూ అనలేదు. అప్పట్లో మా ఇంట్లో ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు.

మధ్యలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఒక రాత్రీ ఒక పగలూ రాలేదు. ఫ్రిజ్ అడుగున నీళ్ళు కారితే గుడ్డతో తుడిచాను. ప్యాకెట్ల సంగతి ఆలోచించలేదు.

శనివారం అత్తకి ఒంటిపూట. రాత్రి అన్నం ముట్టదు, ఉప్మాయో అట్టో ఏదో ఒకటి తింటుంది. ఆ అలవాటు మాత్రం మావయ్య పోయాక కూడా తప్పలేదు. కరెంటు వచ్చిన తర్వాత వచ్చిన శనివారం పెళ్ళిళ్ళ గిరాకీ ఎక్కువై నాకు కొట్లో ఆలస్యమైంది. మా ఆయన ముందే ఇంటికొచ్చాడు. తల్లి ఏమీ తినలేదని చూసి, పాపం, సాయం చేద్దామనుకున్నాడు. ఫ్రిజ్ తెరిస్తే చపాతీలున్నాయి కదా. అడుగున ఉన్న పాత ప్యాకెట్టు ముందు వాడెయ్యాలని దాన్నే తీశాడు. పెనం మీద వేడి చేసి, పొద్దున్న బంగాళాదుంప కూరతో పెట్టాడు. ఆయన అనకాపల్లిలో ఇడ్లీ తిని వచ్చాడు, రుచి చూడలేదు. వాసన అంటారా, మా ఆయనకి ఏడాదికి పన్నెండు నెలలూ జలుబే.

నాకు గుమ్మంలోనే తెలిసింది. తడిబట్ట కంపు. ఇల్లంతా అదే. చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను. అత్త పీట మీద కూర్చుని, కంచంలోకి చూస్తూ, తుంచి కూరలో అద్ది నోట్లో పెట్టుకుంటోంది. తొందరా లేదు, అసహ్యమూ లేదు. ఒకటి అయిపోయింది, రెండోది సగంలో ఉంది. దాని అంచున పచ్చగా బూజు చుక్కలు ట్యూబ్ లైటు వెలుతురులో నాకు దూరం నుంచే కనిపించాయి. కంచం లాగేశాను. ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. అప్పుడు నేను మా ఆయన మీద పడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఆ పూట దుత్త ఆయనే. కన్నతల్లికి బూజు పట్టింది పెడతావా అని ఏవేవో అన్నాను. అరుస్తున్నది ఎందుకో నాకు తెలుసు. నాకు భయం వేసింది.

తెల్లారేసరికి అత్తకి వాంతులు మొదలయ్యాయి. మా వీధి డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్తే సెలైన్ పెట్టాడు. ఈ వయసులో ఇంకోసారి ఇలా అయితే తట్టుకోదన్నాడు. మా ఆయన బయట ఆటోలో కూర్చున్నాడు, లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సీసాలోంచి చుక్కలు పడటం చూస్తున్నాను. అత్త కళ్ళు తెరిచే ఉంది. అడక్కూడదనుకుంటూనే అడిగాను, నిన్న ఆ వాసన నీకు నిజంగా తెలియలేదా అత్తా అని.

"తెలిసింది" అంది.

తెలియలేదంటే బాగుండేదనిపించింది.

"తెలిస్తే ఏటి? ఎవులికి సెప్పాల?"

అంతటితో ఊరుకుంటుందనుకున్నాను. పెద్దదినం తర్వాత ఆవిడ అన్ని మాటలు కలిపి ఆడింది ఆ పొద్దునే. కళ్ళు సీసా మీదే పెట్టి చెప్పింది.

"మీ మావకి ఆ మాయదారి జొరం వొచ్చినప్పుడు ముక్కు పోయింది. మల్లీ రానేదు. బెల్లం వాసనే తెలీదు, సపాతీ వాసన ఏటి తెలుస్తాది? ఏటి పెడితే అది తినీసీవోడు. అందుకే ముందు నేను సూసీదాన్ని. ఎవులికీ సెప్పొద్దన్నాడు. బెల్లం వండినోడికి ముక్కు నేదంటే నవ్వుతారన్నాడు. నేను గట్టిగా అంటే, ఇని అదే మాట అనీవోడు."

మావయ్యకి ఆ జ్వరం కరోనా రోజుల్లో వచ్చింది. అప్పుడు ఇంట్లో అందరికీ వాసన పోయింది, నాకూ అత్తకీ పది పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది, మా ఆయనకి ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలియదు. మావయ్యని ఎవరూ అడగలేదు. ఆయన ముక్కు గురించి అడగడమేమిటి? చపాతీ ప్యాకెట్లు మొదలైంది ఆ తర్వాతే. బెల్లం ముక్కల మధ్యలో అత్త దూరడం మొదలైందీ ఆ తర్వాతే. స్టూలు మీద కూర్చుని అవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసుకున్నాను. నా మీద అరుస్తోందనుకున్న అరుపు ఒక్కటి కూడా నాది కాదు. అదంతా వసారాలో మంచానికి. ఆయన కళ్ళు మూసుకునేది వాసన పట్టడానికి కాదు, ఆవిడ ఏమంటుందో వినడానికి. ఒకే ఇంట్లో ఇన్నాళ్ళు ఉండి నాకు ఇది తెలియలేదంటే, ముక్కు నాకూ లేనట్టే. అంత విన్నా ఏడుపు మాత్రం రాలేదు. సెలైన్ అయిపోయాక నర్సుని పిలిచాను.

ఇంటికొచ్చి ఫ్రిజ్ ఖాళీ చేశాను. కొన్ని ప్యాకెట్లు ఉబ్బి ఉన్నాయి, నొక్కితే గాలి కదిలింది. ఆవుకి పెడదామంటే అదీ నోరున్న ప్రాణమేనని మనసొప్పలేదు. అన్నీ ఒక సంచిలో మూటకట్టి చెత్తబండికి వేశాను. అరలు సబ్బునీళ్ళతో తుడిచాను. అత్త మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. మావయ్య నవారు మంచం వసారాలో ఎక్కడిది అక్కడే ఉంది, దాన్ని తియ్యాలని కూడా ఎవరికీ తోచలేదు.

రెండు రోజులు గంజి తాగింది. మూడో రోజు కొట్టు నుంచి వస్తుంటే కిరాణావాడు మామూలుగానే ప్యాకెట్టు బల్ల మీద పెట్టాడు. ఆ రోజు నేను దాన్ని తిప్పి తారీకు చదివాను. ఇది వద్దు, ఇవాళ్టిది ఇమ్మన్నాను. ఇస్తూ, పెద్దాయన బాగున్నారా అని అడిగాడు. మావయ్య పోయినప్పుడు అతను ఊళ్ళో లేడు, తర్వాతైనా ఎవరూ చెప్పినట్టు లేదు. పోయారని చెప్పాను. ఆ మాట బయటికి అనడం నాకు అదే మొదటిసారి. అతను ప్యాకెట్టు వెనక్కి తీసుకోబోయాడు. ఉంచమన్నాను.

అత్త వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి చాచలేదు. నేనే చెప్పులు విడిచి ఆవిడ ముందు కూర్చుని ప్యాకెట్టు ఒళ్ళో పెట్టాను.

"ఇది సూడత్తా. నాకు వాసన తెలీడం లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"మొన్న గుమ్మంలోంచే పసిగట్టీసేవు. ఇయ్యాల తెలీదేటి?"

జలుబు చేసిందన్నాను. ఈ ఇంట్లో ఆ సాకు మా ఆయనది, అది కూడా ఆవిడకి తెలుసు. నా మొహం మీద నుంచి కళ్ళు తియ్యకుండానే ప్యాకెట్టు తీసుకుంది. వంకర్లు తిరిగిన వేళ్ళతో మూల వెతికి, పంటితో చింపింది. ముక్కు పెట్టి పీల్చింది. ఒకసారి పీల్చి ఊరుకోలేదు, మళ్ళీ పీల్చింది. మా ఆయన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఆవిడ తల తిప్పింది. నా వైపు కాదు, కొడుకు వైపు కాదు. ఖాళీ మంచం వైపు తిరిగి, వీధి చివరికి వినిపించేంత గట్టిగా చెప్పింది.

"మందు కంపు కొడతంది."

చెప్పి, మంచం వైపే చూస్తూ ఉండిపోయింది. జవాబు కోసం ఆగిందని నాకు అర్థమైంది. ఎవరో ఒకరు అనాలి, లేకపోతే ఆ మాట అక్కడే పడి ఉంటుంది, ఇంకెప్పుడూ ఆవిడ నోరు తెరవదు.

"అవును, మందు కంపే" అన్నాను నేను.